ఎదుటివాడి అంకె

"పన్నెండు వందల రేటింగోని చేతిల ఎట్ల ఓడిపోయినవ్‌రా?"

ఆన్‌లైన్‌లో చదరంగం ఆడే పిల్లలున్న ఇళ్లలో, సూర్యాపేటైనా కోదాడైనా మిర్యాలగూడైనా, ఈ ప్రశ్న కొత్తది కాదు. పిల్లవాడు సమాధానం చెప్పలేడు. వాడికీ అదే అనుమానం. తన పేరు పక్కన 1400 ఉంది, అవతలివాడి పక్కన 1200 ఉంది, అయినా ఇరవై ఎత్తుల్లో ఆట ముగిసిపోయింది. ఇద్దరిలో ఎవరిదో అంకె తప్పై ఉండాలి.

నిజంగానే తప్పై ఉండొచ్చు. ఆ అంకె ఎలా పుడుతుందో, ఎందుకు తప్పుతుందో తెలిస్తే ఓటమి బాధ పోదు కానీ, ఓడిన ఆటను ఏం చేసుకోవాలో తెలుస్తుంది. చుట్టుపక్కల గట్టి ఆటగాళ్లు దొరకని ఊళ్లలో పిల్లలకు గురువులు ఈ ముక్కూమొహం తెలియని ప్రత్యర్థులే. అందుకే ఈ సంగతి కాస్త నిదానంగా చూడాలి.

రేటింగ్ లెక్కను ఇప్పుడున్న రూపంలో తయారుచేసినవాడు అర్పాద్ ఎలో. హంగరీలో పుట్టి అమెరికాలో స్థిరపడిన భౌతికశాస్త్ర అధ్యాపకుడు. ఆయన పద్ధతిని అమెరికా చదరంగ సమాఖ్య 1960లో, అంతర్జాతీయ సమాఖ్య ఫిడే 1970లో స్వీకరించాయి. ఆ లెక్కలో మనిషి అంకెకు విడిగా అర్థం లేదు, ఇద్దరి అంకెల మధ్య తేడాకే ఉంది. 100 పాయింట్లు ఎక్కువున్నవాడు వంద ఆటలాడితే దాదాపు 64 పాయింట్లు తెచ్చుకుంటాడని అంచనా. గెలుపుకు ఒకటి, డ్రాకు అర చొప్పున. తేడా 200 అయితే 76. తేడా 400 అయితే పదకొండు ఆటల్లో పది పాయింట్లు. అంటే 400 తక్కువున్నవాడికి కూడా పదకొండు ఆటలకు ఒక పాయింటు రావాల్సిందేనని లెక్కే చెబుతోంది. మన పిల్లవాడు 200 తక్కువున్నవాడి చేతిలో నాలుగైదు ఆటలకు ఒకటి ఓడితే అది వింతేమీ కాదు. ఇంట్లో కేకలు వేసే ముందు ఈ లెక్క ఒకసారి గుర్తు తెచ్చుకుంటే మంచిది.

పైగా ఆ అంకె చెప్పేది గడిచిన ఆటల గురించి. మిర్యాలగూడ మిల్లు దగ్గర ధాన్యం ట్రాక్టరు ఆగినప్పుడు తేమ మీటరు పెట్టి చూస్తారు. 17 శాతం దాటితే పేచీ మొదలవుతుంది. ఆ రీడింగు ఆ గంటకు, ఆ గింజలకు నిజం. రెండు ఎండలు కాస్తే అదే ధాన్యం మరో అంకె చూపిస్తుంది. రేటింగూ అలాంటి రీడింగే. ఎప్పుడు తీసిందో తెలియకుండా దాన్ని నమ్మితే మోసపోతాం.

ఆన్‌లైన్‌లో ఇంకో మెలిక ఉంది. లిచెస్ అనే ఆట వేదిక కొత్తగా చేరినవారిని 1500 దగ్గర మొదలుపెడుతుంది. చెస్.కామ్ అనే ఇంకో వేదిక మాత్రం నీ స్థాయి ఎంతని ముందే అడిగి, దాన్నిబట్టి మొదటి అంకె ఇస్తుంది. అందువల్ల ఒకే మనిషికి రెండుచోట్లా రెండు అంకెలుంటాయి, మామూలు ఆటగాళ్లకు లిచెస్ అంకె ఎక్కువగా కనిపిస్తుంది. ఫిడే అంకె ఈ రెండింటికీ సంబంధం లేని మూడోది. "మావాడు ఆన్‌లైన్‌ల 1700" అని ఒక తండ్రి, "మాది ఫిడేల 1450" అని ఇంకొక తండ్రి పోల్చుకుంటుంటే, ఒకరు కిలోల్లో ఇంకొకరు బస్తాల్లో మాట్లాడుతున్నట్టే.

ఈ రెండు ఆన్‌లైన్ వేదికలూ ఎలో లెక్కకు బదులు గ్లికో అనే పద్ధతి వాడతాయి. మార్క్ గ్లిక్‌మన్ అనే గణాంక శాస్త్రవేత్త తయారుచేసింది. ఇందులో అంకెతోపాటు, ఆ అంకెను ఎంతవరకు నమ్మవచ్చో చెప్పే ఇంకో కొలత కూడా లోపల ఉంటుంది. కొత్త ఖాతాకు, చాలాకాలంగా ఆడని ఖాతాకు నమ్మకం తక్కువ. లిచెస్‌లో అలాంటి అంకె పక్కన ప్రశ్నార్థకం గుర్తు కనిపిస్తుంది. ఆ గుర్తున్నవాడి చేతిలో ఓడితే మనకు పోయే పాయింట్లు కూడా మామూలుకన్నా తక్కువే. ఎదుటివాడి సంగతి తనకే సరిగా తెలియదని లెక్కకు తెలుసు. చాలామంది పిల్లలు ఆ గుర్తును గమనించరు. నా ఉద్దేశంలో ఆట మొదలయ్యేటప్పుడు చూడాల్సిన మొదటి గుర్తు అదే.

ఇక అంకె తప్పిన ప్రత్యర్థుల్లో రకరకాలవాళ్లుంటారు. నిన్ననే ఖాతా తెరిచిన గట్టి ఆటగాడు ఒకడు. పదేళ్ల తర్వాత మళ్లీ బోర్డు ముందుకొచ్చిన బలహీనుడు ఇంకొకడు. కావాలని ఓడి అంకె తగ్గించుకుని, చిన్నవాళ్లను ఓడించి ఆనందించేవాడు మరొకడు. 1600 లోపు రేటింగ్ ఉన్నవారికే అని నగదు బహుమతులతో పోటీలు పెట్టే చోట ఈ బుద్ధికి డబ్బు ఆశ కూడా తోడవుతుంది. పక్కన ఇంజిన్, అంటే ఎత్తులు చెప్పే కంప్యూటర్ ప్రోగ్రామ్, పెట్టుకుని ఆడే దొంగ ఉండనే ఉన్నాడు. వీళ్లందరి గురించి బోలెడు గోల వినిపిస్తుంది. కానీ అందరికన్నా ఎక్కువగా తగిలేది, ఎవరి తప్పూ లేకుండా అంకె తప్పినవాడు: ఎదుగుతున్న పిల్లవాడు.

ఈ సంగతి ఫిడేనే ఒప్పుకోవాల్సి వచ్చింది. 2020లో కోవిడ్‌తో టోర్నమెంట్లు ఆగాయి. పిల్లలు మాత్రం ఆగలేదు, ఫోన్లలో, ల్యాప్‌టాప్‌లలో ఆడుతూనే ఉన్నారు. హాళ్లు మళ్లీ తెరుచుకునేసరికి వాళ్ల ఆట ఎంతో ముందుకు వెళ్లింది, పేరు పక్కన అంకె మాత్రం పాతదే. మన దేశంలో ఓపెన్ టోర్నమెంట్లకు వెళ్లిన పెద్దలు 1200, 1300 అంకెల పిల్లల చేతిలో వరసగా ఓడి పాయింట్లు పోగొట్టుకున్నారు. చివరికి 2024 మార్చి 1న ఫిడే పట్టికను సరిదిద్దింది. కనీస రేటింగ్‌ను 1000 నుంచి 1400కు పెంచింది. 2000 లోపు ఉన్న ప్రతి ఒక్కరికీ, 2000కు ఎంత తక్కువో అందులో 40 శాతం ఒకేసారి కలిపింది. 1200 ఉన్నవాడు తెల్లారేసరికి 1520 అయ్యాడు, 1500 ఉన్నవాడు 1700 అయ్యాడు. ఒక్క ఎత్తు కూడా వేయకుండా. ఆ అంకెను దేవుడిచ్చిన రాతలా చూసేవాళ్లకు ఈ ఒక్క సంగతి చాలాలి.

ఎదిగే పిల్లల అంకె ఆలస్యమవుతుందని తెలిసే ఫిడే లెక్కలో ఇంకో సదుపాయం ఉంది. 18 ఏళ్ల లోపువారి అంకె, 2300 దాటేదాకా, పెద్దలకన్నా రెట్టింపు వేగంతో కదులుతుంది. 1450 ఉన్న పన్నెండేళ్ల పిల్లవాడు, 1650 ఉన్న బ్యాంకు ఉద్యోగిని ఓడించాడనుకుందాం. పిల్లవాడికి 30 పాయింట్లు వస్తాయి, ఆయనకు 15 పోతాయి. అయినా ఇది చాలదు. అంకె కదలాలంటే ముందు రేటెడ్ టోర్నమెంటు ఆడాలి.

మన ఊళ్ల పిల్లలకు చిక్కు ఇక్కడే. సూర్యాపేటకు రైలు లేదు. 65వ నంబరు జాతీయ రహదారి మీద బస్సెక్కి హైదరాబాద్ పోవాలి, లేదా అటు కోదాడ మీదుగా విజయవాడ పోవాలి. మిర్యాలగూడకు గుంటూరు లైను రైలుంది, అయినా పొద్దున తొమ్మిదింటికి మొదటి రౌండు అంటే ముందురోజు రాత్రే బయల్దేరాలి. ప్రవేశ రుసుము, ప్రయాణం, తోడు వచ్చే పెద్దవాళ్ల సెలవు, బస, భోజనం. నాలుగు రోజుల టోర్నమెంటు ఒక సంసారానికి చిన్న ఖర్చు కాదు. హైదరాబాద్ పిల్లవాడు ఏడాదిలో ఆడినన్ని టోర్నమెంట్లు కోదాడ పిల్లవాడు ఆడలేడు. ఆన్‌లైన్‌లో మాత్రం ఇద్దరూ సమానంగా ఆడతారు. ఫలితం ఏమిటంటే, కోదాడ పిల్లవాడి ఆట అంకెను దాటి ముందుకు పోతుంది. రేపు ఎప్పుడో హైదరాబాద్ హాల్లో ఎదుటి టేబుల్ ఆయన ఓడిపోయి, "వీడి రేటింగ్ తప్పు" అని సణుక్కునేది మన పిల్లవాడి గురించే.

అందుకే పైస్థాయి ఆటగాళ్లు చాలామంది ఓపెన్ టోర్నమెంట్ల జోలికి పోరు. గెలిస్తే వచ్చేది గోరంత, అంకె తప్పిన కుర్రాడి చేతిలో ఓడితే పోయేది కొండంత. వరంగల్ బిడ్డ అర్జున్ ఎరిగైసి ఈ భయాన్ని పక్కన పెట్టినవాడు. 2018లో పద్నాలుగేళ్లకే గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు. పైకి ఎగబాకిన తర్వాత కూడా ఓపెన్లు వదల్లేదు, 2024లో మెనోర్కా ఓపెన్ గెలిచాడు. అదే ఏడాది డిసెంబరు జాబితాలో 2801కి చేరి, విశ్వనాథన్ ఆనంద్ తర్వాత 2800 దాటిన రెండో భారతీయుడయ్యాడు.

అంకె వెనకబడటం శిఖరం మీద కూడా జరుగుతుంది. 2025 జులైలో బతూమిలో మహిళల ప్రపంచకప్ ఫైనల్‌లో కోనేరు హంపి ఎదుట కూర్చున్నది 19 ఏళ్ల దివ్య దేశ్‌ముఖ్. హంపి 2002లోనే గ్రాండ్‌మాస్టర్, అప్పటికి రెండుసార్లు ప్రపంచ ర్యాపిడ్ విజేత. దివ్య ఆ పోటీకి 15వ సీడుగా వచ్చింది, అప్పటికి గ్రాండ్‌మాస్టర్ కూడా కాదు. రేటింగ్‌లో తేడా 80 పాయింట్లు. మామూలు ఆటలు రెండూ డ్రా అయ్యాక ర్యాపిడ్‌లో దివ్య గెలిచింది, ఆ గెలుపుతోనే గ్రాండ్‌మాస్టర్ హోదా కూడా వచ్చింది.

సరే, అవతలివాడు మనకన్నా బలవంతుడే అనుకుందాం, అంకె ఏం చెప్పినా. వాడి దగ్గర నేర్చుకోవడం ఎలా? ఒక ఆటను దగ్గరగా చూద్దాం. ఆన్‌లైన్‌లో పిల్లలకు పదేపదే తగిలే ఆట ఇది.

తెల్లవాడు రాజు ముందున్న బంటును రెండు గళ్లు తోస్తాడు, నల్లవాడూ అంతే. తెల్లవాడు రాజు వైపు గుర్రాన్ని తీస్తాడు, నల్లవాడు మంత్రి వైపు గుర్రాన్ని. తెల్ల బిషప్ సి4 గడికి వస్తుంది. నల్లవాడు రెండో గుర్రాన్ని కూడా బయటికి తెస్తాడు. అప్పుడు తెల్ల గుర్రం జి5కు దూకుతుంది. ఇప్పుడు బిషప్, గుర్రం రెండింటి గురీ నల్లరాజు పక్కనున్న ఎఫ్7 బంటు మీదే. నల్లవాడు బిషప్‌కు అడ్డంగా డి5లో బంటు పెడతాడు, తెల్లబంటు దాన్ని కొడుతుంది. ఇక్కడ మన పిల్లవాడు ఆలోచించడు. కొట్టినదాన్ని తిరిగి కొట్టడం సహజం కదా, గుర్రంతో కొడతాడు. మరుక్షణం తెల్లగుర్రం ఎఫ్7 మీద పడుతుంది. రాజు ఆ గుర్రాన్ని కొట్టక తప్పదు. తెల్లమంత్రి ఎఫ్3కు వచ్చి రాజుకు చెక్ చెబుతూనే డి5లో ఉన్న గుర్రాన్ని కూడా గురి చూస్తుంది. ఆ గుర్రాన్ని కాపాడాలంటే రాజే ఇ6కు, బోర్డు మధ్యకు నడిచిరావాలి. అక్కడి నుంచి రాజుకు నిలువనీడ దొరకదు.

ఓడిన పిల్లవాడిని ఎక్కడ తప్పు జరిగిందని అడిగితే, రాజు వీధిన పడ్డ ఎత్తు చూపిస్తాడు. లేదా మంత్రిని పోగొట్టుకున్న ఎత్తు. నిజానికి తప్పు ఐదో ఎత్తులో, గుర్రంతో తిరిగి కొట్టడంలో ఉంది. అప్పుడు బోర్డు మీద ఏ ప్రమాదమూ కనిపించదు. అక్కడ మంత్రి వైపు గుర్రాన్ని ఎ5కు పంపి బిషప్‌ను తరిమి ఉంటే, ఒక బంటు పోయినా తన బలగం చురుగ్గా కదిలేది. బలవంతుడు నేర్పేది ఇదే: నొప్పి తెలిసిన చోటికీ దెబ్బ తగిలిన చోటికీ మధ్య ఎంత దూరముందో చూపిస్తాడు. బలహీనుడితో అదే ఐదో ఎత్తు వేస్తే అతను ఎఫ్7 మీద పడడు. మనం గెలుస్తాం, ఆ చెడ్డ ఎత్తు మంచిదనే నమ్మకంతో ఇంకో వంద ఆటలాడతాం. తప్పుకు శిక్ష పడని ఆటలు అలవాట్లను పాడుచేస్తాయి.

ఆట అవ్వగానే ఇంజిన్ మీట నొక్కడం పిల్లలందరి అలవాటు. లిచెస్‌లో స్టాక్‌ఫిష్ అనే ఇంజిన్ విశ్లేషణ ఉచితం కూడా. కానీ ఇంజిన్ తప్పు ఎక్కడుందో చెబుతుంది, ఎందుకు చేశామో చెప్పదు. ముందు తానే ఆటను మొదటి నుంచి తిరిగి చూడాలి. "ఇక్కడి దాకా బాగానే ఉన్నాను, ఇక్కడ తడబడ్డాను" అని ఒక ఎత్తు పక్కన గుర్తు పెట్టాలి. ఆ ఎత్తు దగ్గర ఏమనుకున్నానో ఒక వాక్యం రాసుకోవాలి, తెలుగులోనే రాసుకోవచ్చు. ఆ తర్వాతే ఇంజిన్ తెరిచి, మన గుర్తూ దాని గుర్తూ ఒకే చోట ఉన్నాయో లేదో చూడాలి. రెంటి మధ్య దూరం ఆటకు ఆట తగ్గుతుంటే ఆట మెరుగవుతోందని అర్థం. రేటింగ్‌కన్నా నాకు ఈ కొలత మీదే గురి ఎక్కువ. మూడు నిమిషాల ఆటల్లో ఇది కుదరదు. ఏమనుకున్నామో గుర్తుండాలంటే ముందు ఏదో ఒకటి అనుకునే వ్యవధి ఉండాలి. పది, పదిహేను నిమిషాల ఆటలు రోజుకు రెండు చాలు.

ఎంత బలవంతుడితో ఆడాలన్నది ఇంకో ప్రశ్న. వంద రెండు వందలు ఎక్కువున్నవాడైతే మేలు. అతను కొట్టే దెబ్బ మనకు కనిపిస్తుంది. ఐదారు వందలు ఎక్కువున్నవాడు మన తప్పులన్నింటినీ కొంచెం కొంచెంగా పోగేసి గెలుస్తాడు, ఎక్కడ ఓడామో తెలియదు. గుడ్డిగా పైవాళ్లతో ఆడితే ఆట అదే వస్తుందనే మాట సగమే నిజం.

ఈ విషయంలో చదరంగంకన్నా గో అనే ఆట తెలివైనది. చైనాలో పుట్టి, కొరియా, జపాన్‌లలో పెరిగిన ఆట. అడ్డం 19, నిలువు 19 గీతలు, 361 కూడళ్లు. నలుపు, తెలుపు రాళ్లు పెడుతూ చోటు ఆక్రమించుకోవాలి. కొత్తవాడు 30 క్యూ అనే మెట్టు దగ్గర మొదలై, అంకె తగ్గించుకుంటూ 1 క్యూ దాకా వస్తాడు, అక్కడి నుంచి 1 డాన్, 2 డాన్ అని పైకి ఎక్కుతాడు. ఇద్దరి మధ్య ఎన్ని మెట్ల తేడా ఉంటే, బలహీనుడు ముందుగానే అన్ని నల్లరాళ్లు బోర్డు మీద పెట్టుకుంటాడు, సాధారణంగా తొమ్మిది దాకా. 10 క్యూ ఆటగాడు 6 క్యూతో ఆడితే నాలుగు రాళ్లు. దీంతో ఇద్దరికీ గెలిచే అవకాశం సమానం. సమానం కాని బలగాలు మనకేం కొత్త కాదు, పులిజూదంలో మూడు పులులకు ఎదురు పదిహేను మేకలుంటాయి. కానీ గోలో ఈ సాయం నేర్పే సాధనం కూడా. నాలుగు రాళ్ల ఆధిక్యంతో మొదలైన ఆటలో ఆ ఆధిక్యం ఏ ఎత్తులో ఎంత కరిగిందో, శిష్యుడికి మెట్టుమెట్టుగా కనిపిస్తుంది. ఆట అయ్యాక గెలిచినవాడు ఓడినవాడితో కూర్చుని ఆటను తిరిగి చూపించే మర్యాద కూడా ఆ ఆటలో బలంగా ఉంది.

అంకె తప్పిన ప్రత్యర్థి కథల్లో అన్నింటికన్నా పెద్దది కూడా గోదే. 2016 డిసెంబరు చివర్లో ఆన్‌లైన్ గో వేదికల మీద, తర్వాత మాస్టర్ పేరుతో తెలిసిన ఒక ఖాతా ప్రత్యక్షమైంది. ఎవరో తెలియదు. ప్రపంచంలోని మేటి ఆటగాళ్లు ఒకరి తర్వాత ఒకరు దానితో ఆడారు. చైనా నుంచి కే జియే, కొరియా నుంచి పార్క్ జంగ్‌హ్వాన్, జపాన్ నుంచి ఇయామా యూతా. అందరూ ఓడారు. మాస్టర్‌ను మొదట ఓడించినవారికి లక్ష యువాన్లు ఇస్తానని చైనా ఆటగాడు గు లీ ప్రకటించాడు, ఆ డబ్బు ఎవరికీ దక్కలేదు. 60 గెలుపుల తర్వాత, 2017 జనవరి 4న, అది గో ఆడే తమ కంప్యూటర్ ప్రోగ్రామ్ ఆల్ఫాగో కొత్త రూపమని డీప్‌మైండ్ సంస్థ బయటపెట్టింది.

ఓడినవాళ్లు మోసం అని మొత్తుకుని ఊరుకోవచ్చు. కానీ వాళ్లు ఆ ఆటలను ముందేసుకుని కూర్చున్నారు. బోర్డు మూలలో మూడో గీత, మూడో గీత కలిసే కూడలి మీదకు ఆట మొదట్లోనే చొరబడటం తొందరపాటని దశాబ్దాలుగా నేర్పుతూ వచ్చారు. మాస్టర్ ఆ పని నిశ్చింతగా చేసింది. కొద్దికాలంలోనే ప్రొఫెషనల్ ఆటల్లో అది మామూలు ఎత్తయిపోయింది. ఎదుట ఉన్నది మనిషా యంత్రమా, దాని అంకె ఎంత అన్న ప్రశ్నలకు జవాబు తెలియక ముందు ఆడిన ఆటలే ఇవన్నీ.

దొంగల మాట కూడా చెప్పి వదిలేస్తాను. అనుమానం వస్తే రిపోర్టు మీట ఉంది, నొక్కి ఊరుకోవాలి. మోసం రుజువైతే పోయిన పాయింట్లు లిచెస్, చెస్.కామ్ రెండూ తిరిగి ఇస్తాయి. ఓడిన ప్రతివాడూ అవతలివాణ్ని దొంగ అనుకోవడం మొదలుపెడితే మాత్రం, ఐదో ఎత్తు ఎప్పటికీ కనిపించదు.

గోలోని రాళ్ల సాయం లాంటిది చదరంగంలో రేటెడ్ ఆటకు కుదరదు కానీ ఇంట్లో కుదురుతుంది. మిర్యాలగూడలో ఉండే మేనమామ గట్టి ఆటగాడైతే, వేసవి సెలవుల్లో గడియారం ఇలా పెట్టుకోవచ్చు: మామకు మూడు నిమిషాలు, అల్లుడికి పదిహేను. అల్లుడు వరసగా మూడు ఆటలు గెలిస్తే మామకు ఇంకో నిమిషం కలపాలి. ఓడితే మామ సమయంలోంచి అర నిమిషం కోయాలి. ఆట అయ్యాక ఫోన్లు పక్కన పడేసి, పావులు మళ్లీ పేర్చి, మొదటి ఎత్తు నుంచి ఇద్దరూ చూసుకోవాలి. మామ కూడా తన తప్పులు చూపించాలి. రెండేళ్లకు ఇద్దరి గడియారాలూ పదిహేను నిమిషాల దగ్గర కలిస్తే, అల్లుడి ఫిడే రేటింగ్ ఎంతని ఎవరైనా అడిగినా తప్పులేదు.